ఇథనాల్ కారుకు, బూజు విషం బర్రెకా?

చిత్తనూరు నుంచి పెద్ద ధన్వాడ దాకా పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తయారుచేసే ఫ్యాక్టరీల మీద జరిగిన పోరాటాల గురించి ఇక్కడ మళ్ళీ చెప్పాల్సిన పని లేదు. 2023లో నారాయణపేట జిల్లా, 2025లో గద్వాల జిల్లా ఎట్లా అట్టుడికాయో అందరికీ గుర్తే. నీళ్ళ గురించి, గాలి గురించి, పొలాల గురించి ఆ ఊళ్ళు అడిగిన ప్రశ్నల్లో న్యాయం ఉంది. వాటి మీద చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నేను రాస్తున్నది ఇట్లాంటి ఫ్యాక్టరీల గేటు నుంచి బయటికి వచ్చే ఇంకో సరుకు గురించి. అది ట్యాంకర్లలో పోదు, బస్తాల్లో పోతుంది. పశువుల కొట్టంలోకి పోతుంది. అక్కడి నుంచి పాల క్యాన్‌లోకి, పిల్లలు తాగే గ్లాసులోకి వస్తుంది.

మక్కల నుంచో నూకల నుంచో ఇథనాల్ తీశాక మిగిలే పిప్పిని తడిగా అమ్మితే వెట్ కేక్ అంటున్నారు, ఎండబెట్టి అమ్మితే డీడీజీఎస్. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇప్పుడు పత్తి చెక్క, పల్లి చెక్క, తవుడు పక్కన ఈ పేరు కూడా వినబడుతోంది. నా అభిప్రాయం ముందే చెప్తాను. ఈ పిప్పి మంచి దాణా. పశువులకు పెట్టాలి. పారేయడం పాపం. కానీ బూజు విషం పరీక్ష చేసిన కాగితం లేకుండా ఒక్క బస్తా కూడా ఫ్యాక్టరీ గేటు దాటకూడదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. మొదటిది అమ్మేవాళ్ళు రోజూ చెప్తున్నారు. రెండోది ఎవరూ చెప్పడం లేదు.

ముందు మంచి సంగతి. ఇథనాల్ ఫ్యాక్టరీకి కావలసింది గింజలోని పిండి పదార్థం ఒక్కటే. గింజను మర పట్టి, నీళ్ళు కలిపి ఉడికించి, ఎంజైములతో పిండిని చక్కెరగా మార్చి, ఈస్ట్ వేసి పులియబెడతారు. ఆ చక్కెరే ఆల్కహాల్ అవుతుంది. దాన్ని కాచి ఆవిరిగా పట్టుకుంటారు. గింజలోని మాంసకృత్తులు, కొవ్వు, పీచు, ఖనిజాలు, పైగా చచ్చిన ఈస్ట్, అన్నీ అడుగునే ఉండిపోతాయి. టన్ను మక్కల నుంచి దాదాపు 380 లీటర్ల ఇథనాల్ వస్తే, రమారమి 300 కిలోల ఎండు పిప్పి మిగులుతుంది. మక్కల్లో మాంసకృత్తులు 9 శాతం ఉంటే ఆ పిప్పిలో 27 నుంచి 30 శాతం దాకా ఉంటాయి. బియ్యంలో పిండి ఇంకా ఎక్కువ కాబట్టి మిగిలేది ఇంకా తక్కువ, ఆ పిప్పిలో మాంసకృత్తులు 40 శాతం కూడా దాటుతాయి. పాడి పశువుకు ఇంతకంటే ఏం కావాలి?

అందుకే ‘సారా ఫ్యాక్టరీ చెత్త తెచ్చి బర్రెలకు పెడుతున్నారు’ అనే వాళ్ళతో నేను ఏకీభవించను. ఇందులో మత్తు ఉండదు. బీరు తయారీలో మిగిలే బార్లీ పొట్టును హైదరాబాద్ చుట్టుపక్కల డెయిరీలు ఎప్పటి నుంచో పెడుతున్నాయి. అమెరికాలో మక్కల ఇథనాల్ పరిశ్రమ పెరిగిన కొద్దీ అక్కడి పశువుల పెంపకం ఈ పిప్పి మీద ఆధారపడింది. మన దగ్గర వరి తప్ప వేరే పంట కనబడని సాగర్ ఎడమ కాలువ కింద పచ్చిమేత దొరకదు, జొన్న చొప్ప కనబడటం మానేసి చాలా కాలమైంది. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. దాంతో పాలు పిండాలంటే పైనుంచి ఏదో ఒకటి కొని పెట్టాల్సిందే. పత్తి చెక్క ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. అట్లాంటి చోట మంచి మాంసకృత్తులున్న అగ్గువ దాణా దొరికితే పాల రైతుకు ఊపిరి పోసినట్టే.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఫ్యాక్టరీలోకి వెళ్ళే గింజ ఎట్లాంటిది?

2018 జాతీయ జీవ ఇంధన విధానం ఇథనాల్ తయారీకి మనుషులు తినడానికి పనికిరాని, పాడైన గింజలను కూడా వాడుకోవచ్చని చెప్పింది. మంచి ఆలోచనే. కల్లాల్లో వానకు తడిసి రంగు మారిన ధాన్యం ఏం చేసుకోవాలో తెలియక రైతు ఏడ్చే బాధ మనకు ఏటా ఉన్నదే. ఆ తర్వాత లెక్కలు వేగంగా మారాయి. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న గడువును 2022లో 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపారు. 2023 డిసెంబర్‌లో చెరకు రసం మీద ఆంక్షలు పెట్టి, 2024 జనవరిలో మక్కల ఇథనాల్ ధరను లీటరుకు 71.86 రూపాయలకు పెంచారు. మక్కలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. రైతుకు మేలే జరిగింది, కాదనను. కానీ మక్కలకూ బూజుకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. గింజలో తేమ 14 శాతం లోపు ఉండాలి. కోత సమయంలో వాన పడితే, పట్టాలు చాలకపోతే, రోడ్డు మీద ఆరబోసిన మక్కలు రాత్రి మంచుకు మెత్తబడితే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది. అది వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. కంటికి కనబడదు. పైన ఉన్న బూజును దులిపేసినా, ఎండబెట్టినా, బూజే చచ్చిపోయినా విషం గింజలోనే ఉంటుంది.

ఇట్లాంటి గింజ ఇథనాల్ ఫ్యాక్టరీకి పోతే ఏమవుతుందో చూడండి. అఫ్లాటాక్సిన్ ఆవిరిగా పైకి పోదు. ఇథనాల్ స్వచ్ఛంగా వస్తుంది. కారుకు ఏ ఇబ్బందీ లేదు. ఉడకబెట్టడం, పులియబెట్టడం ఈ విషాన్ని నమ్మదగినంతగా చంపలేవు. గింజలో ఉన్న విషమంతా పిప్పిలో చేరుతుంది. గింజ బరువు మూడో వంతుకు తగ్గింది కాబట్టి కిలోకు విషం మూడింతలు అవుతుంది. మాంసకృత్తులు ఏ లెక్కన పెరిగాయో విషం కూడా అదే లెక్కన పెరుగుతుంది. అమ్మేవాడు మొదటి లెక్క మాత్రం చెప్తాడు.

దీన్ని ఒక కొట్టం స్థాయిలో లెక్క వేసుకుందాం. ఫ్యాక్టరీకి వచ్చిన మక్కల్లో కిలోకు 20 మైక్రోగ్రాముల అఫ్లాటాక్సిన్ బీ1 అనే రకం ఉందనుకోండి. పశువుల దాణాకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన పరిమితి కూడా అంతే. అంటే ఆ మక్కలను నేరుగా పిండి పట్టించి బర్రెకు పెట్టినా ఎవరూ తప్పు పట్టలేరు. ఇథనాల్ తీశాక మిగిలిన పిప్పిలో అది కిలోకు 60 మైక్రోగ్రాములు అవుతుంది. అగ్గువకు దొరికింది కదా అని బర్రెకు రోజూ 3 కిలోలు పెడితే కడుపులోకి 180 మైక్రోగ్రాములు పోతాయి. బీ1లో కొంత భాగం పశువు కాలేయంలో ఎం1 అనే ఇంకో రూపంలోకి మారి పాలలోకి వస్తుంది. మామూలుగా అది 1, 2 శాతం, ఎక్కువ పాలిచ్చే పశువుల్లో 6 శాతం దాకా కూడా ఉంటుంది. మనం 2 శాతమే వేసుకుందాం. 3.6 మైక్రోగ్రాములు. బర్రె 6 లీటర్లు ఇస్తే లీటరుకు 0.6. పాలలో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించే గరిష్ఠ పరిమితి 0.5.

చట్టబద్ధంగా ఏ తప్పూ లేని గింజతో మొదలుపెట్టి, చట్టం ఒప్పుకోని పాలకు చేరుకున్నాం. మధ్యలో ఎవరూ కల్తీ చేయలేదు. పాలు పోసిన ఆడమనిషి ఏ తప్పూ చేయలేదు. అదే పిప్పి రోజుకు ఒక కిలోనే పెడితే లీటరుకు 0.2 దగ్గర ఆగుతుంది, పాలు సురక్షితం. కాబట్టి ఈ దాణా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు బస్తాలో ఉన్న ఆ ఒక్క అంకెను బట్టి ఉంటుంది. ఆ అంకె తెలియకుండా ఎంత పెట్టాలో పశువుల డాక్టరు కూడా చెప్పలేడు.

పాలు కాచుకుంటాం కదా, పోతుంది అనుకునే వాళ్ళున్నారు. పోదు. ఎం1 మరిగించినా ఉంటుంది, పాశ్చరైజ్ చేసినా ఉంటుంది. పెరుగులో ఉంటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్ష చేయిస్తే 368 నమూనాల్లో, అంటే 5.7 శాతంలో, ఎం1 పరిమితి దాటి ఉంది. పచ్చిపాల కంటే ప్యాకెట్ పాలలోనే ఎక్కువ. ఇది దాణా, మేత ద్వారానే పాలలోకి వస్తోందని ఆ సంస్థే చెప్పింది. ఆ సర్వే నాటికి ధాన్యపు ఇథనాల్ ఇంకా ఇంతగా పెరగలేదు. తర్వాత పిప్పి ఎన్ని రెట్లు పెరిగిందో ఫ్యాక్టరీల సంఖ్య చూస్తేనే అర్థమవుతుంది.

అఫ్లాటాక్సిన్ గురించి లోకానికి తెలిసిందే దాణా వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే, వాటికి పెట్టిన పల్లి చెక్కలో ఈ విషం దొరికింది. మన దేశంలో 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గూడేల్లో కామెర్లు, పొట్ట ఉబ్బరంతో 397 మంది మంచాన పడ్డారు. 106 మంది చనిపోయారు. ఆ ఇళ్ళలోని కుక్కలు కూడా చచ్చాయి. అకాల వానలకు తడిసి బూజు పట్టిన మక్కలే కారణమని తేల్చి చెప్పింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే కిట్లను తయారు చేసింది. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. ఈ విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పగల పరిజ్ఞానం మన రాజధాని చుట్టూనే ఉంది. దేవరకొండ కొట్టానికి మాత్రం రాలేదు.

దేవరకొండ అని ఊరికే అనలేదు. అటువైపు ఒక ఊళ్ళో నాలుగు బర్రెలున్న ఒకామె ఇంటికి వెళ్ళాను. కొట్టం మూలన తెల్ల ప్లాస్టిక్ బస్తాలు ఐదారు పేర్చి ఉన్నాయి. వాటి మీద ఎప్పటిదో సన్నబియ్యం బ్రాండ్ బొమ్మ. లోపల సరుకు మాత్రం పిప్పి. తయారు చేసిన ఫ్యాక్టరీ పేరు లేదు, తేదీ లేదు, మాంసకృత్తులు ఎంత, తేమ ఎంత అన్నది లేదు. ఆమె ఒక బస్తా మూతి విప్పి పిడికెడు తీసి నా చేతిలో పోసింది. మంచి డీడీజీఎస్ లేత బంగారు రంగులో ఉంటుంది, పులిసిన రొట్టె వాసన వస్తుంది. ఇది కాఫీ పొడిలా నల్లబడి, మాడు వాసన వేస్తోంది. డ్రయర్‌లో ఎక్కువ వేడి తగిలితే ఇట్లా అవుతుంది. లైసిన్ అనే ముఖ్యమైన పోషకం మాడిపోతుంది, పరీక్షలో మాంసకృత్తుల అంకె బాగానే కనబడుతుంది కానీ పశువు ఒంటికి పట్టదు. బస్తా అడుగున సరుకు గడ్డకట్టి ఉంది. ఆమె ఒక గడ్డను చేత్తో నలిపి తొట్టిలో వేసింది.

‘‘చెక్క కంటే అగ్గువకొస్తదంటే తెచ్చిన సారూ. బర్రెలు మంచిగనే తింటున్నయి.’’

కాగితం ఏమైనా ఇచ్చారా అమ్మా అని అడిగాను.

‘‘కాగితమా? పైసలు తీస్కున్నడు, బస్తాలు దించిండు. పెద్ద బర్రె రెండుసార్లు సూది ఏపిచ్చినా కట్టలే. దాన్కీ దీన్కీ ఏమన్న ఉంటదా సారూ?’’

నేను జవాబు చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. బర్రె చూడి కట్టకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. కానీ అఫ్లాటాక్సిన్ పశువును ఒక్కసారిగా చంపదు. కాలేయాన్ని కొద్దికొద్దిగా దెబ్బ తీస్తుంది, తిండి తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, రోగాలను తట్టుకునే శక్తి పోతుంది, చూడి నిలవడం కష్టమవుతుంది. రైతు డాక్టరు దగ్గరికి తిరుగుతాడు, సూదులకు ఖర్చు పెడతాడు, చివరికి ఈ బర్రె అచ్చిరాలేదని సంతలో అమ్మేస్తాడు. బస్తా మీద ఎవరికీ అనుమానం రాదు.

వెట్ కేక్ సంగతి ఇంకో రకం. ఫ్యాక్టరీకి దగ్గరి ఊళ్ళకు ట్రాక్టర్ల మీద పోతుంది. అందులో మూడింట రెండు వంతులు నీళ్ళే. క్వింటాలు కొంటే ఎండు సరుకు 30, 35 కిలోలే చేతికొస్తుంది. ధర విని మురిసిపోకముందే ఆ లెక్క వేసుకోవాలి. పాలమూరు ఎండల్లో అది రెండు మూడు రోజులకు మించి ఆగదు. గాలి తగలకుండా ప్లాస్టిక్ పట్టాలో గట్టిగా తొక్కి మూసిపెడితే కొన్నాళ్ళు నిలుస్తుంది. కుప్పగా పోసి వదిలేస్తే ఫ్యాక్టరీలో లేని బూజు కూడా ఇంటి దగ్గర పడుతుంది. పొట్టేళ్ళను మేపి బక్రీదుకు అమ్మే వాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. ఈ పిప్పిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. సున్నపురాయి పొడి కలపకుండా ఇదే మేపితే పొట్టేలుకు మూత్రంలో రాళ్ళు పడి, ఒంటికి పోక చస్తుంది. 2019 పశుగణన ప్రకారం 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం మనదని గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొర్రెల్లో పెద్ద వాటా పాలమూరుదే. ఈ ఒక్క ముక్క గొల్లకుర్మలకు చెప్పే బాధ్యత ఎవరిది?

ఇక్కడ నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టే ప్రశ్నకు వస్తాను. కొనేవాళ్ళందరూ గుడ్డిగా కొనడం లేదు. షాద్‌నగర్ చుట్టూ ఉన్న పెద్ద కోళ్ళ పరిశ్రమనే తీసుకోండి. కోడిపిల్లకు అఫ్లాటాక్సిన్ అంటే చావే. అందుకే పెద్ద కోళ్ళ కంపెనీలు దాణా సరుకు దిగేముందు సొంత ల్యాబులో పరీక్ష చేసుకుంటాయి. విషం ఎక్కువుంటే లారీని గేటు దగ్గరి నుంచే తిప్పి పంపుతాయి. వాళ్ళ డబ్బు, వాళ్ళ జాగ్రత్త. తప్పేం లేదు. మరి తిప్పి పంపిన లారీ ఎక్కడికి పోతుంది? ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళి గోతిలో పూడ్చుకుంటుందా? పరీక్ష చేసే కొనుగోలుదారు వద్దన్న సరుకు పరీక్ష చేయలేని కొనుగోలుదారు దగ్గరికి, ఇంకొంచెం తక్కువ ధరకు చేరుతుంది. మార్కెట్‌లో సరుకు నడిచే దారే అంత. పరీక్ష కొందరికే అందుబాటులో ఉన్నంతకాలం మిగిలినవాళ్ళు ఆ పరీక్షలో తప్పిన సరుకుకు గిరాకీదారులుగా మిగులుతారు. నాలుగు బర్రెలున్న మనిషికి అగ్గువకు దొరికిందంటే ఎందుకు దొరికిందో అడిగే దిక్కు లేదు.

వనపర్తి, గద్వాల, అచ్చంపేట పల్లీల సంగతి కూడా చూడండి. యూరప్‌కు పంపాలంటే నేరుగా తినే పల్లీలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటితే ఓడ దిగనివ్వరు. అందుకని ఎగుమతిదారు గింజ గింజా ఏరించి, పరీక్ష చేయించి, కాగితం జతచేసి పంపుతాడు. అక్కడ పాడి పశువు దాణాలో పరిమితి 5, మన దగ్గర 20. పాలలో అక్కడ 0.05, మన దగ్గర 0.5. పదింతల తేడా. మన పరిమితులే అంత సడలింపుగా ఉన్నాయి, కనీసం వాటినైనా పాటిస్తున్నామో లేదో చూసే ఏర్పాటు లేదు. విదేశీయుడి నోట్లోకి పోయే పల్లీకి ఉన్న కాగితం మన పిల్లల పాలకు కారణమైన దాణాకు ఎందుకు ఉండకూడదు?

ఫ్యాక్టరీల వాళ్ళు, దాణా వ్యాపారులు దీనికి చెప్పే జవాబు తెలిసిందే. పరీక్షలు పెడితే ఖర్చు పెరుగుతుంది, ఆ భారం రైతు మీదే పడుతుంది, పత్తి చెక్కలో పల్లి చెక్కలో లేని విషమా, మా ఒక్కళ్ళనే ఎందుకు పట్టుకుంటారు అంటారు. చెక్కల్లోనూ విషం ఉంటుందన్నది నిజమే, వాటికీ పరీక్ష కావాలి. అయితే చెక్క వందల మిల్లుల నుంచి వస్తుంది, పిప్పి కొన్ని గేట్ల నుంచే వస్తుంది. రాశిలో ఒక మూల ఉన్న విషం ఇంకో మూల ఉండదు కాబట్టి మక్కల కుప్ప నుంచి సరైన నమూనా తీయడం కష్టం. మర పట్టి, కలిపి, ఉడికించిన పిప్పిలో విషం అంతటా సమానంగా పరుచుకుంటుంది, నమూనా తీయడం తేలిక. చిన్న పట్టీతో చేసే స్ట్రిప్ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. కోట్ల పెట్టుబడితో ల్యాబులు ఉన్న ఫ్యాక్టరీకి ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో పరీక్ష భారం అంటే నేను నమ్మను.

అసలు అడ్డంకి ఖర్చు కాదని నా గట్టి నమ్మకం. పాల రైతును ఈ రాష్ట్రం, ఈ దేశం రైతుగా లెక్కేయడం లేదు. రోగం అక్కడుంది.

విత్తనాలకు 1966లోనే చట్టం వచ్చింది. పురుగుమందులకు 1968లో వచ్చింది. ఎరువులకు 1985 నుంచి నియంత్రణ ఉత్తర్వు ఉంది. యూరియా బస్తా మీద నత్రజని 46 శాతం అని రాసి ఉంటుంది, తక్కువుంటే కేసు పెడతారు, వ్యవసాయాధికారి వచ్చి నమూనా తీస్తాడు. దాణా బస్తాకు దేశమంతటికీ వర్తించే అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. బీఐఎస్ ప్రమాణాలున్నాయి కానీ బస్తా విప్పి చూసేవాడు లేడు. మాంసకృత్తుల అంకె పెంచి చూపడానికి పిప్పిలో యూరియానే కలిపినా అడిగే అధికారి ఊరికి రాడు. పొలంలో చల్లే యూరియా మీద నిఘా ఉండి, పశువు నోట్లోకి పోయే యూరియా మీద లేకపోవడం ఏం న్యాయం?

సాయం కూడా భూమికే. 2018లో మొదలైన రైతుబంధు ఎకరాల లెక్క. 2025లో రైతుభరోసా పేరుతో ఏడాదికి ఎకరానికి 12,000 రూపాయలన్నారు, అదీ ఎకరాల లెక్కే. ఎకరం లేకుండా నాలుగు బర్రెలతో బతికే కుటుంబానికి ఆ పట్టికలో పేరుండదు. పాడి పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు, భూమి పట్టా ఉండేది ఎక్కువగా మగవాళ్ళ పేరు మీద. తెల్లారి నాలుగు గంటలకు లేచి పేడ తీసి, పాలు పిండి, కేంద్రంలో పోసి, మళ్ళీ మేతకు వెళ్ళే మనిషి ప్రభుత్వ కాగితాల్లో గృహిణి. మరోపక్క ఇథనాల్ ఫ్యాక్టరీలకు భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యం ధరను 2025 జనవరిలో క్వింటాలుకు 2,250 రూపాయలకు తగ్గించారు. ప్రజల డబ్బుతో సేకరించి నిల్వ చేసిన బియ్యాన్ని అంత తక్కువకు ఇస్తున్నప్పుడు, అందులోంచి వచ్చే పిప్పికి ఒక్క షరతు పెట్టే హక్కు ప్రజలకు లేదా? ధరలో రాయితీ ఇచ్చిన ఉత్తర్వులోనే పిప్పి పరీక్ష షరతు కూడా పెట్టి ఉండాల్సింది. ఆ బల్ల చుట్టూ ఆయిల్ కంపెనీలు, డిస్టిలరీలు, ఆహార శాఖ కూర్చుని ఉంటాయి. బర్రె తరఫున కూర్చున్నవాళ్ళు ఎవరు?

పశువుల వైద్యశాలల తీరు కూడా అదే కథ. టీకాలు, సూదులు, కృత్రిమ గర్భధారణ, అంతవరకే డాక్టరు పని అని మన ఏర్పాటు. దాణా గురించి సలహా చెప్పేది దుకాణం యజమాని. పశువు జబ్బు చేశాక వచ్చే ప్రభుత్వం, జబ్బు తెచ్చే బస్తా దగ్గర కనబడదు. ఎరువుల దుకాణం ముందు క్యూలు కట్టినప్పుడు అసెంబ్లీ దద్దరిల్లుతుంది. దాణా ధర పెరిగినప్పుడు, అందులో మట్టి కలిసినప్పుడు ఏ పార్టీ ధర్నా చేసింది? పాలమూరు వలసల జిల్లా అని కన్నీళ్ళు పెట్టుకున్న ప్రతి నాయకుడూ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ముంబైకి, పుణెకు పోకుండా ఇక్కడే నిలిచిన చాలా కుటుంబాలను నిలబెట్టింది కృష్ణా నీళ్ళ కంటే ముందు రెండు బర్రెలు, పది గొర్రెలే.

చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ 2020లో పశుదాణా తయారీ, నాణ్యత, అమ్మకాల మీద ప్రత్యేక చట్టం చేసింది. అంతకంటే గట్టి చట్టం తెలంగాణకు కావాలి. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఇచ్చే అనుమతుల్లోనే షరతుగా పెట్టొచ్చు. ప్రతి బ్యాచ్‌కూ అఫ్లాటాక్సిన్ బీ1, తేమ, మాంసకృత్తులు, యూరియా పరీక్ష చేయాలి. పులియబెట్టేటప్పుడు ఇతర బ్యాక్టీరియాను ఆపడానికి యాంటీబయోటిక్ వాడితే ఆ సంగతీ రాయాలి. ఈ అంకెలన్నీ బస్తా మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, బ్యాచ్ నంబరుతో ఉండాలి. బియ్యం బ్రాండ్ల పాత సంచుల్లో దాణా అమ్మడం ఆపాలి. బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటిన సరుకు నేరుగా రైతుకు అమ్మకూడదు. అట్లా అమ్మితే ఫ్యాక్టరీ మీద చర్య ఉండాలి కానీ ఆటోలో తెచ్చిన చిల్లర వ్యాపారి మీద కాదు. పశువైద్యశాలకు స్ట్రిప్ కిట్లు ఇచ్చి, అనుమానం వచ్చిన రైతు పిడికెడు దాణా తీసుకొస్తే ఉచితంగా చూసి చెప్పాలి. ఫ్యాక్టరీ ఉన్న మండలంలోని పాల సంఘానికి పరీక్ష పాసైన పిప్పిని మొదటగా, గేటు ధరకే ఇవ్వాలి. వాసన, లారీల దుమ్ము భరిస్తున్నది ఆ ఊళ్ళే కదా.

పాల కేంద్రాల్లో ఎం1 పరీక్ష కూడా పెట్టాలని కొందరు అంటారు. నేనూ ఒప్పుకుంటాను, కానీ అది దాణా పరీక్ష తర్వాతే రావాలి. ముందు పాలకు పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. క్యాన్ తిప్పి పంపుతారు, పాలు తెచ్చినామె వాటిని మోరీలో పోసి ఇంటికి పోతుంది, ఫ్యాక్టరీకి సంగతే తెలియదు. దాణా మానేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలలో విషం తగ్గిపోతుంది, ఆ నాలుగు రోజుల పాల డబ్బు ఎవరిస్తారు? 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువు వల్ల నష్టం జరిగితే తయారీదారును బాధ్యుణ్ణి చేస్తుంది. బతుకుదెరువు కోసం సొంతంగా పని చేసుకునేవాళ్ళు కొన్న సరుకుకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. కానీ వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే ఎవరు తయారు చేశారో, ఎవరు అమ్మారో రుజువు కావాలి. అందుకే పాల సంఘాలు ఈ సీజన్ నుంచే ఒక పని మొదలుపెట్టాలి. బ్యాచ్ నంబరు లేని బస్తా దించుకోవద్దు, రసీదు ఇవ్వని వ్యాపారికి పైసలు ఇవ్వొద్దు, విప్పిన ప్రతి బస్తా నుంచి గుప్పెడు దాణా కవర్‌లో కట్టి, రసీదుతో కలిపి సంఘం బీరువాలో దాచాలి. రేపు పాలు తిరిగొస్తే పరీక్షకు పంపడానికి ఆ కవరే ఆధారం.